నీళ్లు తాగిన ఇంజిన్‌కు మెరుగులు దిద్ది అమ్ముతున్నారు: పాత కారు కొనేవారికి హెచ్చరిక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత డీజిల్ కారు కోసం వెతుకుతున్నవారు, ముఖ్యంగా వానాకాలం వెళ్లాక బేరానికి వచ్చే బండ్లను చూస్తున్నవారు, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే ఈ నాలుగు మాటలు చదవాలని కోరుతున్నాను. మా ప్రాంతంలో పాత కార్లు అమ్మే ఒక వ్యాపారి దగ్గర నేను కొన్న కారు కొన్ని నెలలు చక్కగా తిరిగి, ఒకరోజు రణస్థలం దాటాక జాతీయ రహదారి మీద పెద్ద చప్పుడుతో ఆగిపోయింది. ఇంజిన్ విప్పించగా మూడో సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్ విరిగి, ఇంజిన్ దిమ్మె (బ్లాకు) గోడను పగలగొట్టుకుని బయటికి పొడుచుకు వచ్చి కనిపించింది. ఆ రాడ్ చెడింది ఆ రోజు కాదు. బండి నా దగ్గరకు రాకముందే, నిలిచిన నీటిలో దాన్ని నడిపినప్పుడు చెడింది. ఆ సంగతి అమ్మినవారు నాకు చెప్పలేదు.

కారు నీటిలో నుంచి వెళ్తే ఏమవుతుందో తెలిస్తేనే మోసం ఎక్కడ దాగుతుందో అర్థమవుతుంది. ఇంజిన్‌కు గాలి పీల్చుకునే గొట్టం చాలా కార్లలో ముందు గ్రిల్ వెనుక, హెడ్‌లైట్ దగ్గర ఉంటుంది. నీరు ఆ ఎత్తుకు చేరకపోయినా, వేగంగా వెళ్లినప్పుడు బానెట్ ముందు లేచే అల గానీ, ఎదురుగా వచ్చే బస్సు తోసే అల గానీ ఆ గొట్టంలోకి నీటిని పంపగలదు. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. 1300 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 325 సీసీ ఉంటుంది. కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లోని గాలి ఎన్నో వంతుకు నలుగుతుందో చెప్పే లెక్క, 17 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ దాదాపు 20 సీసీ, అంటే టీ చెంచాతో నాలుగు చెంచాలు. అంతకు మించి నీరు చేరితే పిస్టన్ పైకి వెళ్లడానికి చోటు లేక, దాన్ని తోస్తున్న రాడ్ వంగుతుంది. వేగం మీద ఉంటే అక్కడికక్కడే విరగవచ్చు. నీటి మధ్యలో ఆగిపోయిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టినా వంగిపోవచ్చు.

కొద్దిగా వంగిన రాడ్ అన్నిటికంటే ప్రమాదకరమని నా అభిప్రాయం. నీరు కక్కించి, ఆయిలు, ఫిల్టర్లు మార్చి స్టార్ట్ చేస్తే ఆ ఇంజిన్ నడుస్తుంది, పరీక్షకు ఊరి చుట్టూ తిప్పి చూసినా ఏ తేడా పట్టుబడదు. కానీ వంకర రాడ్ మీద ప్రతి తిప్పులోనూ పక్కబలం పడుతూ, వేల కిలోమీటర్లు తిరిగాక లోహం అలసి తెగిపోతుంది. అప్పటికి అమ్మినవారు డబ్బు లెక్కపెట్టుకుని ఉంటారు, కొన్నవారు రోడ్డు పక్కన నిలబడి ఉంటారు.

నా బండిని విప్పిన మెకానిక్ ఇంజిన్ పైమూత (హెడ్) దింపాక టార్చి వేసి బోర్లను, అంటే పిస్టన్లు ఆడే సిలిండర్ గుంతలను, ఒక్కొక్కటిగా చూపించారు. ప్రతి బోరు పైఅంచున, పిస్టన్ రింగు చేరని చోట, నల్లని మసి పట్టీ సన్నగా ఉంటుంది. ఒకటో బోరులో, నాలుగో బోరులో అది గోటి అంచంత ఉండగా, రెండో బోరులో దానికి రెట్టింపు వెడల్పు కనిపించింది. అక్కడ రాడ్ వంగి పొట్టిదైనందువల్ల పిస్టన్ పూర్తి ఎత్తుకు రావడం లేదన్నమాట. ఆ రాడ్‌ను తీసి, మంచి రాడ్ పక్కన గాజు పలక మీద పడుకోబెడితే వంకర కంటికే కనబడింది. విరిగింది మూడోది, విరగడానికి సిద్ధంగా ఉన్నది రెండోది. తరువాత కంపెనీ సర్వీసు సెంటర్‌లో బండి పాత రికార్డు తీయించగా, ఇంజిన్‌లోకి నీరు చేరడంతో టోయింగ్ మీద వచ్చినట్లు, మరమ్మతు అంచనా విన్న యజమాని పని చేయించకుండానే బండిని తీసుకువెళ్లినట్లు అందులో నమోదై ఉంది.

ఇటువంటి బండ్లు బజారులోకి ఎందుకు వస్తాయో కూడా చెప్పాలి. మామూలు సమగ్ర బీమాలో వరద నష్టానికి రక్షణ ఉన్నప్పటికీ, నిలిచిన నీటిలోకి బండిని నడపడం వల్ల గానీ, ఆగిన బండికి సెల్ఫ్ కొట్టడం వల్ల గానీ ఇంజిన్ పాడైతే, అది నేరుగా వరద వల్ల కాక తరువాత చేసిన పని వల్ల కలిగిన పర్యవసాన నష్టమంటూ కంపెనీలు తరచూ తిరస్కరిస్తాయి. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ వేరుగా తీసుకుని ఉండాలి. అది లేని యజమానికి లక్ష దాటే బిల్లు ఎదురైతే, తక్కువ ఖర్చులో అతుకు వేయించి అమ్మేయడమే సులువుగా తోస్తుంది.

మన జిల్లాల్లో దీనికి అవకాశాలు తక్కువేమీ కావు. నాగావళి, వంశధార ఒడిశాలో పుట్టిన నదులు కాబట్టి, ఇక్కడ వాన లేని రోజున కూడా వరద రావచ్చు. గెడ్డలు పొంగితే చప్టాల మీద నీరు పారుతుంది, ఒక గంట గట్టిగా కురిస్తే రైల్వే అండర్ బ్రిడ్జీలు నిండుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను, 2021 సెప్టెంబరులో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ తుపాను మనం చూసినవే. పైగా బండి మన ఊరిదే కానక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చినందున, అప్పటి నుంచి నమోదైన బండి ఏ జిల్లాదో నంబరు చూసి పోల్చుకోలేము. ఆర్‌సీలో చిరునామా చూడవలసిందే.

కొనే ముందు నేను అన్నిటికంటే ముఖ్యమని చెప్పేది సర్వీసు రికార్డు. యజమానిని వెంటబెట్టుకుని వెళ్లి, కంపెనీ సర్వీసు సెంటర్‌లో చాసిస్ నంబరు మీద చరిత్ర మొత్తం తీయించాలి. బీమా కాగితంలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నాకు పడి ఉంటే, ఏదో క్లెయిమ్ జరిగిందేమోనని నిలదీసి అడగాలి. అయితే బోనస్ పూర్తిగా ఉన్నంత మాత్రాన బండి శుభ్రమని నమ్మకూడదు, ఎందుకంటే తిరస్కరించిన క్లెయిమ్, అసలు పెట్టని క్లెయిమ్ అందులో కనిపించవు. రెండోది, నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో కొలిచే పరీక్ష. ఒకటి మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే ఆ బేరం వదులుకోవడమే మేలు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున ఎండిన బురద పొర, చివరి వరకు లాగిన సీటు బెల్టు మీద మరక, సీటు పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో మన్ను ఉన్నాయేమో ఎవరైనా చూసుకోవచ్చు. లోపల అగరుబత్తి వాసన, సెంటు వాసన అతిగా ఉంటే నాకైతే ఇప్పుడు అనుమానమే.

"షోరూమ్ కండిషన్ బాబూ, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్న వ్యాపారి, నేను తిరిగి వెళ్లి అడిగినప్పుడు, అమ్మకం కాగితంలో "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట చూపించి చేతులు దులుపుకున్నారు. అందుచేత ఈ బండి ఇంజిన్‌లోకి ఎప్పుడూ నీరు చేరలేదని, ఇంజిన్ విప్పలేదని కాగితం మీద రాయించుకోవాలి. రాయడానికి వెనుకాడితే విషయం అక్కడే తెలిసిపోతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధీకృత ధ్రువపత్రం తీసుకోవాలన్న నిబంధన ఉంది, కాబట్టి ఆ పత్రాన్ని కూడా చూపమనండి.

ఇప్పటికే మోసపోయినవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి దారి తెలుసుకోవచ్చు. వ్యాపారి ద్వారా కాకుండా ఒక వ్యక్తి తన సొంత బండిని నేరుగా అమ్మితే వినియోగదారుల రక్షణ చట్టం వర్తించడం కష్టం. ఇంజిన్ విప్పించే ముందు అమ్మినవారికి రాతపూర్వకంగా నోటీసు పంపి, విప్పుతున్నంత సేపు వీడియో తీయించి, వంగిన రాడ్లను, పిస్టన్లను తుక్కు కింద షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకుని భద్రపరచాలి.