పత్తికట్టె తినే రాగి బంబ: ఏడు చలికాలాల తర్వాత

మాది ఆదిలాబాద్. పేపర్లో మా దిక్కు చలి ఊళ్ళు అర్లి(టి), సిర్పూర్(యు), గిన్నెదరి పేర్ల పక్కన సింగిల్ డిజిట్ ఉష్ణోగ్రతలు పడే నాటికి మా ఇంట్లో చలికాలం పనులు అయిపోయి ఉండాలి. వెంటిలేటర్లకు అట్టలు, తలుపు కింది సందుకు పాత చీర చుట్ట, నా మిషన్ కింద ఏడాదంతా పోగైన బట్టముక్కలతో ఒకటో రెండో బొంతలు. వీటికి ఖర్చు లేదు, వీటి గురించి చెప్పేదీ పెద్దగా లేదు. చెప్పాల్సింది బంబ గురించి, అంటే స్నానానికి నీళ్ళు కాగబెట్టే రాగి పాత్ర గురించి.

2018 దీపావళికి ముందు కొన్నాం. కోస్తా దిక్కు బాయిలర్ అంటారు, మహారాష్ట్ర మాకు పక్కనే కాబట్టి మాకు బంబే. మధ్యలో నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్ళు, పక్కన కుళాయి, కింద బూడిద పళ్ళెం. మాది 40 లీటర్లది, కొత్తది కాదు. పాత సామాన్ల దుకాణంలో కిలో 430 లెక్కన తూకం వేసి ఇచ్చారు. తొమ్మిదిన్నర కిలోలు, 4,085 రూపాయలు. ఆ 85 వదిలేయమని ఎంత బతిమాలినా వదల్లేదు. ఇప్పటికీ ఆ దుకాణం ముందు నుంచి పోతే గుర్తొస్తుంది.

నాకు దీని మీద ఇంత ప్రేమ ఎందుకంటే, దీనికి తిండి పెట్టడం తేలిక. మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెడితే దుంగలు కావాలి, ఊదుతూ కూర్చోవాలి. బంబ గొట్టం సన్నం, గాలిని కింది నుంచి అదే లాక్కుంటుంది. చిటికెన వేలంత పుల్ల వేసినా భగ్గుమంటుంది. మా జిల్లాలో అలాంటి పుల్లలకు కొదవా? ఎటు చూసినా పత్తే. ఏరుడు అయిపోయాక రైతులు కట్టెను పీకి చేలోనే కాలబెడతారు. జైనథ్ దగ్గర మా మేనమామ కొడుక్కి నాలుగెకరాల పత్తి. 'ట్రాలీ కిరాయి ఇచ్చుకో, కట్టె నీదే' అన్నాడు. మొదటి ఏడాది ఉజ్జాయింపుగా కాదు, నిజంగా త్రాసు పెట్టి తూచాను. రెండు కిలోలకు కొంచెం తక్కువ కట్టెతో అరగంటలో నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగాయి. చన్నీళ్ళు కలుపుకుంటే మూడున్నర బకెట్లు. నిప్పులు ఆరకముందే పైన మళ్ళీ ఒక బిందె పోస్తే ఇంకో బకెట్. అయిదుగురికి సరి.

నిప్పులు అప్పుడే అయిపోవు. బూడిదలో రెండు కందగడ్డలు (చిలగడదుంపలు) పూడ్చిపెడితే పిల్లలు స్నానం చేసి వచ్చేసరికి మగ్గి ఉంటాయి. ఆ బూడిదే జల్లించి చిక్కుడు పందిరి మీద చల్లుతా, పేనుబంక కొంత తగ్గుతుంది.

కరెంటు లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే బంబ విలువ మా ఆయనకు అర్థమైంది అక్కడే. మాకు తెల్లకార్డు ఉంది, 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. మోటారు మిషన్, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్ అన్నీ కలిపి మా వాడకం 175 యూనిట్ల దగ్గర ఆగుతుంది. 2024 డిసెంబరులో నేను పన్నెండు రోజులు పుట్టింటికి పోయాను. నేను లేకపోతే బంబ ఎవరు వెలిగిస్తారు? గోడకు వేలాడుతున్న పాత గీజర్‌కు ప్రాణం వచ్చింది. మా బోరు నీళ్ళకు సున్నం పట్టి ఆ గీజర్ కాయిల్ అప్పటికే రెండుసార్లు మార్చాం. ఆ నెల రీడింగ్ 212. పన్నెండు యూనిట్లకే కదా కట్టాల్సింది అనుకున్నాడు మా ఆయన. కాదు. 200 దాటితే మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. 200కి 5.10 లెక్కన 1,020, పైన పన్నెండుకు 7.70 లెక్కన 92, ఆపైన చిల్లర చార్జీలు. పదకొండు వందల పైచిలుకు బిల్లు పట్టుకుని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటి నుంచి పొద్దున అయిదింటికి ఆయనే లేచి పుల్లలు విరుస్తున్నాడు.

ఇంతదాకా చదివి ఎవరైనా బంబ కోసం బయలుదేరితే కాస్త ఆగండి. 2023 జనవరి సంగతి వినాలి.

కేస్లాపూర్ నాగోబా జాతర చూద్దామని మా ఆడబిడ్డా, వాళ్ళాయనా హైదరాబాద్ నుంచి వచ్చారు. చుట్టాలు వస్తున్నారని నేను ముందు రోజు బంబను చింతపండు, ఉప్పు వేసి తోమాను. తోమితే రాగి ఎలా ఉంటుందో తెలుసుగా, పెళ్ళికూతురే. లోపల అడుగున సున్నం పెళ్ళలు ఉంటే అవీ పోవాలని తలకిందులుగా బోర్లించి, ఎండాక మళ్ళీ దాని చోట్లో నిలబెట్టాను. రాత్రి అన్నాల దగ్గర ఆడబిడ్డ వాళ్ళాయన (నేను అన్నా అంటాను) దాని గురించి అడిగాడు. నేను ఊరుకుంటానా? ఉన్న గొప్పలన్నీ చెప్పాను. అందులో ఒకటి: కుళాయి అడుగు నుంచి నాలుగు వేళ్ళ పైన ఉంటుంది, కాబట్టి ఎంత వాడుకున్నా అడుగున నీళ్ళు మిగిలే ఉంటాయి, ఎండిపోయే భయమే లేదు అని.

పొద్దున అయిదున్నరకు నేను వంటింట్లో చాయ్ పెడుతుంటే బయటి నుంచి కేక: 'చెల్లే, నువ్వు రాకు, పొయ్యి నేను రాజేసిన.' సంతోషించాను. బంబ వేడెక్కేటప్పుడు నీళ్ళు సన్నగా ఈల వేస్తాయి, అలవాటైన చెవికి వంటింట్లోకి కూడా వినిపిస్తుంది. ఆ రోజు ఈల లేదు. మంట గుయ్యిమనే చప్పుడు మాత్రం ఉంది. చాయ్ గ్లాసు పట్టుకుని పోయేసరికి అన్న చలి కాగుతూ కూర్చున్నాడు. 'పది నిమిషాలు కాలే, పక్కన చెయ్యి పెట్టనిస్తలేదు, మా గీజర్ దీని ముందు ఏం పనికొస్తది' అన్నాడు. నేను కిందికి చూశాను. బూడిద పళ్ళెంలో మెరుస్తూ చిన్న చిన్న గుండ్లు, పట్టీకి ఉండే వెండి మువ్వల్లా. నేను చూస్తుండగానే గొట్టం అంచు నుంచి ఇంకొకటి జారి పడింది.

'నీళ్ళు పోసినవా అన్నా?'

'అడుగున ఉంటయని నువ్వే అంటివి గదా!'

నేను మళ్ళీ నోరు తెరిచేలోపే ఆయన కంగారుపడి పక్కనున్న బకెట్ ఎత్తి పైన గుమ్మరించాడు. ఛస్సుమని ఆవిరి లేచింది. పోసిన నీళ్ళు పోసినట్టే గొట్టంలోంచి నిప్పుల మీదికి దిగి, పొయ్యిని అదే ఆర్పేసి, బూడిద బురద నా ముగ్గు మీది నుంచి పారుకుంటూ గేటు దాటింది. జాతరకు చన్నీళ్ళతో మొహాలు కడుక్కుని పోయారు పాపం.

ఆయన్ను ఏమనగలను? చెప్పింది నేనే, బోర్లించిందీ నేనే.

గుడి సామాన్లు చేసే ముసలి కంచరి ఒకాయన ఉంటే అక్కడికి తీసుకుపోయాను. ఆయన గొట్టం అంచును మేకుతో గీకి చూసి, 'దీనికి రెండు చేతుల మాటు ఉంది బిడ్డా' అన్నాడు. మాటు అంటే లోహం కరిగించి వేసే అతుకు. మొదట చేసినవాడు ఇత్తడి మాటు వేశాడు. అది తొందరగా కరగదు. తర్వాత ఎక్కడో కారితే ఇంకెవరో తగరం, సీసం కలిపిన మెత్తటి మాటు రాసి, పైన నల్లరంగు పూశారు. ఆ మెత్తటి మాటు 200 డిగ్రీల లోపే కరిగిపోతుంది. మరి నాలుగేళ్ళు ఎలా ఆగింది? వెనక నీళ్ళున్నంతసేపు ఆ రాగి ఎంత మంట తగిలినా నీళ్ళు మరిగే వేడిని మించి పెద్దగా పోదు, వేడినంతా నీళ్ళు తాగేస్తాయి. నీళ్ళు లేని పది నిమిషాలు చాలు. దుకాణంలో ఈ అతుకు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నల్లరంగును నేను మసి అనుకున్నాను. 85 రూపాయల మీద ఉన్న ధ్యాస గొట్టం మీద పెట్టి ఉంటే బాగుండేది.

పాత మాటు మొత్తం గీకేసి ఇత్తడితో వేయడానికి 900 తీసుకున్నాడు, నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ బకెట్లో హీటర్ రాడ్. రెండో రోజే ప్లాస్టిక్ బకెట్ అంచు కరిగింది, అది వేరే కథ. మాటు వేశాక మూడో చలికాలం ఇది, చుక్క కారలేదు.

ఇప్పుడు వెలిగించే ముందు ఎవరైనా సరే వేలి కణుపుతో బంబ పొట్ట మీద కొట్టి చూడాలి. నీళ్ళుంటే బొద్దుగా మోగుతుంది, లేకపోతే గంటలా ఖంగుమంటుంది. మా చిన్నోడు దారిన పోతూ కూడా కొట్టి పోతాడు.

ఇక ఆ పత్తికట్టె మాట. పైన అంత మురిసిపోయాను కానీ, రెండేళ్ళుగా అది తగ్గించేశాం. చిక్కేమిటంటే, కట్టె చేతికి వచ్చేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. చలి అప్పటికి సగం అయిపోతుంది. మిగిలింది గోడ వారన పేర్చి, పైన తాటిపత్రి (టార్పాలిన్) కప్పి, వానాకాలమంతా కాచి మళ్ళీ కార్తీకానికి వాడేదాన్ని. మా మేనమామ కొడుకే ఒకరోజు వచ్చి ఆ మోపు లాగి, కొమ్మకు అతుక్కుని ఎండిపోయిన కాయ ఒకటి చిదిపి చూపించాడు. లోపల గులాబీ రంగు పురుగు, నిద్రపోతున్నట్టు ముడుచుకుని. పత్తికట్టెను వచ్చే పంట దాకా నిల్వ ఉంచొద్దని వ్యవసాయ అధికారులు వాళ్ళకు చెబుతూనే ఉంటారట. ఆ మోపుల్లోనే పురుగు ఎండాకాలం గడిపి, కొత్త పత్తి పూతకు వచ్చేసరికి బయటికొస్తుంది. 'మాది టౌన్ కదా, నా మోపుకు ఏమయితది' అని వాదించాను. మా వెనక రెండు ప్లాట్లు దాటితే పత్తి చేనే. వాడు అటు వేలు చూపించి ఊరుకున్నాడు.

కాబట్టి ఇప్పుడు ఫిబ్రవరి ఆఖరుకు కాలిపోయేంత కట్టె మాత్రమే తెప్పిస్తున్నా. నవంబరు, డిసెంబరుకు మక్క బెండ్లు, అంటే గింజ వలిచాక మిగిలేవి. సంక్రాంతి నాటికి కందికట్టె దొరుకుతుంది. కందికట్టెకు వంక లేదు. మక్క బెండ్లతోనే విసుగు. తొందరగా అంటుకోవు, అంటుకునేదాకా పొగ, మధ్యలో పుల్లతో కదుపుతూ ఉండాలి. అరగంట పని ముప్పావు గంట అయింది. 'పత్తికట్టె తినే బంబ' అని పేరు పెట్టాను కానీ, అది ఇప్పుడు ఏడాదికి ఆరు వారాల మాట.

పొగ గురించి కూడా మొదట్లో నేను ఒప్పుకునేదాన్ని కాదు. మంచు దట్టంగా పడ్డ రోజు పొగ పైకి లేవదు, రేకుల కిందే తిరుగుతుంది. మా అత్తమ్మకు ఆయాసం. అలాంటి రోజున ఆమె ఒక్క బకెట్‌కు గీజర్ వేస్తాం, మిగతావాళ్ళకే బంబ. ఒకసారి పొదుపు ముదిరి మిషన్ దగ్గరి పాలిస్టర్ ముక్కలు వేశాను. జిగట పొగ వచ్చి వీధి మొత్తం దగ్గింది, గొట్టం లోపల తారులా పట్టేసింది. నూలు గుడ్డయినా ఇప్పుడు వేయను.

కొనమంటానా? మాకు పెరడు ఉంది, బాత్రూం బయట ఉంది, కట్టె ఇచ్చే చుట్టం ఉన్నాడు, పొద్దున్నే లేచే మనిషి ఉన్నాడు (ఆ 212 తర్వాత). ఈ నాలుగూ ఉన్నవాళ్ళకు నేను సరే అంటాను. కట్టె కొనుక్కుని కాల్చేవాళ్ళకు ఇది గిట్టుబాటు అవుతుందో లేదో నేను చెప్పలేను, నేను కొన్నది లేదు. ఫ్లాటులో ఉంటే అసలు ఆలోచనే వద్దు. పాతది కొంటే మాత్రం నల్లరంగు ఉన్నచోట గీకి చూడండి, నీళ్ళు నింపి ఒక గంట ఉంచి చూడండి. రాగి ధర మేం కొన్నప్పటికంటే బాగా పెరిగింది. మొన్న పాత సామాన్లాయన వీధిలోకి వచ్చి, దీన్ని చూసి, మేం పెట్టినదానికి దాదాపు రెట్టింపు ఇస్తానన్నాడు. మా ఆయన నా మొహం చూశాడు. నేను మక్క బెండ్ల బస్తాలు లెక్కపెట్టుకుంటున్నాను. మూడే ఉన్నాయి, కందికట్టె వచ్చేదాకా లాగాలి.