శాంకరీదేవి దర్శనానికి శ్రీలంక టూర్: ఏర్పాట్లు బాగున్నాయి, నెల చూడకుండా వేసిన ప్రయాణ పట్టిక బాగా లేదు

అష్టాదశ శక్తిపీఠాలలో మొదట చెప్పుకునే లంకలోని శాంకరీదేవిని దర్శించుకోవాలన్నది మా అమ్మకు ఎన్నో ఏళ్లుగా ఉన్న కోరిక. అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం మన రెండు రాష్ట్రాలలోనే ఉన్నాయి కనుక వాటిని ఎప్పుడో చూసింది. సముద్రం దాటి వెళ్లవలసిన పీఠం ఇదొక్కటే మిగిలింది. అందుకని గత జూలై రెండో వారంలో హైదరాబాదులోని ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర ఏడు రాత్రుల ప్యాకేజీ తీసుకుని అమ్మ, అక్క, నేను శ్రీలంక వెళ్లి వచ్చాము. ఆ ఏజెన్సీ సేవ ఎలా ఉందో, ముఖ్యంగా పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లేవారు బుక్ చేసుకునే ముందు ఏం అడగాలో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

బాగున్నవి ముందు చెప్పడం న్యాయం. వీసా పని, విమాన టికెట్లు, హోటల్ గదులు అన్నీ వాళ్లు చెప్పినట్టే ఉన్నాయి. అమ్మకు ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం కావాలని ఒక్కసారి చెబితే ప్రతి హోటలుకూ ముందుగానే కబురు పంపారు. వ్యాను శుభ్రంగా ఉంది. డ్రైవరు కొండ ప్రాంతపు తేయాకు తోటల తమిళుల కుటుంబం నుంచి వచ్చినవారు. అమ్మ పుట్టిల్లు చిత్తూరు జిల్లా కావడం వల్ల ఇద్దరికీ తమిళంలో మాటలు కలిశాయి. ఆ ప్రయాణంలో మాకు దక్కిన మంచిలో ఎక్కువ భాగం ఆయన వల్లనే దక్కింది.

లోపం ఆ దేశపు వాతావరణాన్ని ఏజెన్సీ అర్థం చేసుకున్న తీరులో ఉంది. బుక్ చేసుకునే రోజున అమ్మకు 72 ఏళ్లని, చలికి ఆగలేదని, ఎలాంటి బట్టలు తీసుకెళ్లాలో చెప్పమని అడిగాను. “శ్రీలంక చిన్న దేశమండీ, ఎక్కడికి వెళ్లినా ఒకటే వాతావరణం, 27 డిగ్రీలు” అని కౌంటరు దగ్గర అబ్బాయి నమ్మకంగా చెప్పాడు. వాళ్లు ఇచ్చిన బ్రోచర్‌లో కూడా సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలనీ, నూలు బట్టలూ ఒక గొడుగూ చాలుననీ అచ్చు వేసి ఉంది. ఆ అంకె అబద్ధం కాదు. కొలంబోలో ఏడాది పొడవునా ఇంచుమించు అంతే ఉంటుంది. దానిని దేశమంతటికీ వర్తింపజేయడమే పొరపాటు.

శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ 1,12,077. అంటే తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ ఉండే ద్వీపం అది. కాని ఆ ద్వీపానికి దక్షిణ మధ్య భాగంలో పెద్ద కొండల గుంపు ఉంది. అందులో ఎత్తైన పిదురుతలాగల శిఖరం 2,524 మీటర్లు. నైరుతి రుతుపవనం మే నుంచి సెప్టెంబరు దాకా ఒకవైపు నుంచి వచ్చి ఆ కొండలను తాకుతుంది. ఈశాన్య రుతుపవనం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎదుటి వైపు నుంచి వస్తుంది. వీటి నడుమ మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ అక్టోబరు, నవంబరు నెలల్లోనూ మధ్యాహ్నాలు ఉరుములతో కూడిన వానలు పడతాయి. కొండకు ఏ వైపున ఉన్నామన్నదాన్ని బట్టి ఒకే రోజున ఒక ఊరు వరదలో, వంద కిలోమీటర్ల అవతలి ఊరు ఎండలో ఉండటం అక్కడ మామూలు విషయం.

ఇది మనకు తెలియని సంగతి కూడా కాదు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అవతలే పిండేయడం వల్లనే కదా అనంతపురం అంత ఎండిపోయి ఉంటుంది! హైదరాబాదులో వానలు సద్దుమణిగిన తర్వాత అక్టోబరు, నవంబరుల్లో నెల్లూరులో కుండపోతగా కురుస్తుందని మనలో ఎవరినడిగినా చెబుతారు. మన దగ్గర వందల కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ తేడాలన్నీ శ్రీలంకలో ఒక పూట ప్రయాణంలో ఎదురవుతాయి.

మా పట్టికలో మొదటి రెండు రాత్రులు పడమటి తీరంలోని బెంటోటాలో. జూలైలో ఆ తీరం నైరుతి రుతుపవనానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. మేము దిగిన రోజు సాయంత్రమే సముద్రం మట్టిరంగులో ఎగిసిపడుతూ కనిపించింది. ఇసుకలో ఎర్రజెండాలు పాతి ఉన్నాయి. నీళ్లలో అడుగు పెట్టవద్దని హోటల్ వాళ్లే చెప్పారు. వాన ఆగి ఆగి రెండు రోజులూ పడింది. గది మంచిదే, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది కూడా, కాని ప్యాకేజీ మొత్తంలో ఎక్కువ అద్దె గల ఆ గదిలో కూర్చుని మేము చేసింది వాన చూడటమే. మా అక్క సముద్రస్నానం చేయాలని ఎంతో ఆశపడి వచ్చింది.

మూడో రోజు కితుల్‌గల, హాటన్ మీదుగా నువర ఎలియకు బయలుదేరాము. ఆ పడమటి వాలులో కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. హైదరాబాదులో ఏడాదంతా పడేది సుమారు 800 అని గుర్తుంచుకుంటే అదెంతో తెలుస్తుంది. దారి పొడవునా ప్రతి మలుపులోనూ నీళ్లు దూకుతున్నాయి, తేయాకు తోటలు పొగమంచులో కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. చూడటానికి అద్భుతమైన దారి. కాని ఎక్కేకొద్దీ అమ్మ కొంగు కప్పుకోవడం, ఆ తర్వాత మా దగ్గరున్న ఒకే ఒక శాలువా కప్పుకోవడం, అదీ చాలక చేతులు ముడుచుకోవడం చూస్తూ ఉంటే నాకు భయం మొదలైంది.

నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్నది బడిలో చదువుకున్న లెక్కే. తీరంలోని 27, 28 డిగ్రీలలోంచి ఆ ఎత్తుకు తగ్గేది 12 తీసేస్తే మిగిలేది 16. ఆ ఊరి ఏడాది సగటు సరిగ్గా అక్కడికే వస్తుంది. అది పగలూ రాత్రీ కలిపిన సగటు. మేమున్న రాత్రి 12 డిగ్రీల దాకా దిగింది, పైగా గాలి, తుంపర. లంబసింగి చలికి వెళ్లేటప్పుడు రగ్గులూ మంకీ క్యాపులూ సర్దుకుని మరీ వెళతామే, దానికంటే ఎంతో ఎత్తైన ఊరికి నూలు చీరలతో వెళ్లమని చెప్పడం ఎంత బాధ్యతారాహిత్యమో ఏజెన్సీ వారు ఆలోచించాలి. అమ్మకు ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు పొద్దున్నే డ్రైవరు తనకు తెలిసిన బజారుకు తీసుకెళ్లి ముగ్గురికీ స్వెట్టర్లు, అమ్మకు ఉన్ని మేజోళ్లు ఇప్పించారు. ఖర్చు పెద్దదేమీ కాదు. కాని 72 ఏళ్ల మనిషి ఒక రాత్రంతా వణకవలసిన అవసరం లేదు.

ఆ రోజే సీత ఎలియలోని సీతమ్మ గుడికి వెళ్లాము. అక్కడికి దగ్గరలోనే హక్‌గల అనే కొండ ఉంది. గుడి దగ్గర తుంపర పడుతూనే ఉంది. డ్రైవరు అమ్మతో “ఇంకొంచెం దూరం వస్తారా అమ్మా, ఎండ చూపిస్తాను” అని వెలిమడ వైపు బండి పోనిచ్చారు. హక్‌గల మలుపు దాటి కొంత దిగేసరికి పొగమంచు తెర తీసినట్టు వెనక్కి పోయింది. ముందు ఆకాశం నీలంగా, గాలి పొడిగా, కొండల మీద గడ్డి ఎండిపోయి పసుపు రంగులో కనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే మబ్బు శిఖరం దగ్గర గోడలా ఆగిపోయి ఉంది. పడమటి నుంచి వచ్చిన గాలి పైకెక్కి చల్లబడి తన తేమనంతా అటువైపే వానగా దించుకుంటుంది, ఇటువైపు దిగేటప్పుడు తిరిగి వేడెక్కి ఎండుగాలి అవుతుంది. ఇటువైపున్న ఊవా ప్రాంతపు తేయాకు జూలై నుంచి సెప్టెంబరు దాకానే మేలైన రుచి పట్టడానికి ఈ ఎండుగాలే కారణమట. కొండకు పడమటి వైపు దింబుల తోటలకు ఆ మంచి కాలం జనవరి, మార్చిల మధ్య వస్తుంది. రెండు పక్కపక్క లోయల్లో పంట మేలిమి ఆరు నెలల తేడాతో వస్తుందన్న ఆ మాట విన్నాక ప్రయాణమంతా నాకు వేరుగా కనిపించసాగింది. ఏజెన్సీ పట్టికలో ఈ మలుపు లేదు. తప్పకుండా ఉండవలసింది.

క్యాండీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సుమారు 500 మీటర్లు, అంటే దాదాపు మన హైదరాబాదు ఎత్తు. వాతావరణం హాయిగా ఉంది. బుద్ధుని దంతాన్ని ఉంచిన దంతావశేషాలయం దర్శనం చక్కగా జరిగింది.

అక్కడి నుంచి ఉత్తరానికి హబరణ వైపు దిగగానే దేశం పూర్తిగా మారిపోతుంది. ఇది వాళ్లు పొడి మండలం అని పిలిచే ప్రాంతం. దేశంలో సుమారు మూడింట రెండు వంతులు ఇదే. ఏడాదికి 2,500 మిల్లీమీటర్లు దాటితే తడి మండలం, 1,750 కంటే తక్కువైతే పొడి మండలం, నడుమ ఉన్నది మధ్యస్థ మండలం అని వారి విభజన. 1,750 అంటే మనకు రెండేళ్ల వాన. దానిని పొడి అనడం మొదట వింతగా అనిపిస్తుంది. కాని ఆ వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి జనవరి లోపలే పడిపోతుంది. మిగిలిన నెలల్లో ఎండా గాలీ తప్ప మరేమీ ఉండదు. అందుకే అక్కడి రాజులు అడుగడుగునా చెరువులు తవ్వించారు. పొలొన్నరువలో 12వ శతాబ్దపు పరాక్రమబాహు కట్టించిన చెరువును సముద్రమనే పిలుస్తారు. దాని గట్టు మీద నిలబడితే నాకు పాకాల, రామప్ప చెరువులు గుర్తుకొచ్చాయి. కాకతీయులు మనకు ఆ చెరువులు కట్టించింది కూడా ఆ తర్వాతి తరంలోనే. నాలుగు నెలల వానను పన్నెండు నెలలకు పంచుకోవలసిన రెండు దేశాలవాళ్లు ఒకే ఉపాయం కనిపెట్టారు. మిన్నేరియ చెరువులో నీరు తగ్గుతూ ఒడ్డున కొత్త గడ్డి మొలిచే కాలంలో ఏనుగులు గుంపులుగా వస్తాయి. మేము ముప్పై దాకా చూశాము. జూలై ప్రయాణం వల్ల మాకు కలిగిన లాభాలలో ఇదొకటి.

ఇక అసలు గమ్యం, తూర్పు తీరంలో శాంకరీదేవి కొలువున్న ట్రింకోమలీ. తమిళులు తిరుకోణమలై అంటారు. ఆ ఊళ్లోకి దిగేసరికి మధ్యాహ్నం మూడైంది. మే నెల హైదరాబాదులో రోడ్డు మీదికి వచ్చినట్టు వేడిగాలి ముఖానికి కొట్టింది. ఆ గాలిని కచ్చాన్ అంటారని డ్రైవరు చెప్పారు. బెంటోటాలో మమ్మల్ని తడిపిన నైరుతి గాలే కొండల మీద తేమను వదిలేసి ఇలా వడగాలిగా వచ్చిందన్నమాట. సముద్రం మాత్రం చెరువులా నిశ్చలంగా, లేత ఆకుపచ్చ రంగులో ఉంది. కోణేశ్వరాలయం సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతిగుట్ట మీద ఉంటుంది. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువారు కూల్చేశారు. ఇప్పటి ఆలయం తర్వాత కట్టినది. సాయంత్రపు వెలుగులో అమ్మ శాంకరీదేవి ముందు చాలాసేపు నిలబడింది. ఆ సంతృప్తికి వెల కట్టలేము.

కాని ఆ ఊరికి మా పట్టికలో ఉన్నది ఒకే ఒక రాత్రి. ఈత కొట్టదగిన సముద్రం, పడవ మీద వెళ్లి తిమింగలాలను చూడగల కాలం, అమ్మవారి గుడి అన్నీ ఉన్నచోట ఒక రాత్రి, ఎర్రజెండాలు పాతిన తీరంలో రెండు రాత్రులు ఇచ్చారు. మర్నాడు తెల్లవారుజామునే విమానాశ్రయానికి ఆరు గంటల ప్రయాణం కోసం బయలుదేరవలసి వచ్చింది. అమ్మ రెండోసారి దర్శనానికి వెళదామంటే సమయం లేదు.

తిరిగి వచ్చాక ఈ విషయమంతా ఏజెన్సీకి వివరంగా రాసి ఇచ్చాను. వారు మర్యాదగానే మాట్లాడారు, బ్రోచర్‌లో నువర ఎలియకు స్వెట్టరు మాట చేరుస్తామన్నారు. పట్టిక సంగతి అడిగితే ఏడాది పొడవునా అదే నడుపుతామని చెప్పారు. నా అభ్యంతరం అక్కడే. ఆ పట్టిక జనవరికి సరిగ్గా సరిపోతుంది. అప్పుడు పడమటి తీరం నిశ్చలంగా ఉంటుంది, తూర్పున వానలుంటాయి, ఒక రాత్రికి మించి అక్కడ ఉండనవసరం లేదు. అదే పట్టికను జూలైలో అమ్మాలంటే బెంటోటా రాత్రులను తీసి ట్రింకోమలీకి ఇవ్వాలి. గదుల అద్దెలో పెద్ద తేడా రాదు. కావలసిందల్లా నెల చూసుకుని పట్టిక వేయడం. అక్టోబరు చివర, నవంబరులో తూర్పు తీరానికి పంపేటప్పుడైతే తుపాను హెచ్చరికలు కూడా చూసుకోవాలి. 1977 నవంబరులో మన దివిసీమను ముంచిన ఉప్పెన మనం మరిచిపోలేదు. సరిగ్గా ఏడాది తర్వాత, 1978 నవంబరులో, అదే బంగాళాఖాతపు తుపాను ఒకటి ట్రింకోమలీకి దక్షిణాన ఉన్న బట్టికలోవాను ధ్వంసం చేసింది. కొలంబోలోని వాతావరణ శాఖ సింహళ, తమిళ, ఇంగ్లిషు భాషల్లో ప్రాంతాల వారీగా రోజూ సూచనలు ఇస్తుంది. ప్రయాణికులకు అది పంపడం ఏజెన్సీకి ఒక నిమిషం పని.

హోటళ్లకు, భోజనానికి, డ్రైవరుకు ఐదింట ఐదు ఇస్తాను. పట్టికకు రెండు. మొత్తం మీద మూడున్నర. మా పిన్ని జనవరిలో వెళతానంటే ఇదే ఏజెన్సీ పేరు చెప్పాను, ఆ డ్రైవరునే అడిగి తీసుకోమన్నాను. ఆ నెలలో నువర ఎలియలో చలి జూలై కంటే ఎక్కువ, కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది కూడా. మేము కొన్న మూడు స్వెట్టర్లూ ఉతికించి ఆమెకు ఇచ్చాను.