హనుమకొండల ఒక కెమెరా సామాన్ల షాపు రివ్యూ: కాపీ వేరు, డూప్లికేట్ వేరు

పోయిన పెండ్లిళ్ళ సీజన్ ముందట చౌరస్తాకు దగ్గర్ల ఉన్న ఒక చిన్న షాపుల నాలుగు సామాన్లు కొన్న. షాపు పేరు రాస్తలేను, ఎందుకంటే ఇది ఆ ఒక్క షాపు ముచ్చట కాదు, కరీంనగర్ పోయినా హైదరాబాద్ కోఠి పోయినా కౌంటర్ మీద ఇవే సామాన్లు, ఇవే మాటలు. ఒక ఫ్లాషు దానికి ట్రిగ్గరు (దూరం నుంచి ఫ్లాషును కొట్టించేది), ట్రైపాడ్‌కు కెమెరాను బిగించే రెండు ప్లేట్లు, కెమెరాకు రెండు బ్యాటరీలు, బ్యాగు పట్టీకి కెమెరా తగిలించుకునే క్లిప్పు. ఇండ్ల ఒక్కటి గూడ కెమెరా కంపెనీది కాదు. కానీ ఒక్కోటి ఒక్కో తీరుగ "కంపెనీది కాదు", ఆ తేడా నాకు ఇన్నేండ్ల నుంచి పెండ్లిళ్ళు తీస్తున్నా సక్కగ తెల్వకపాయె. ఈసారి దెబ్బ తిన్నంక కూసొని చదివిన, తెలిసిన వకీలు సారును గూడ అడిగిన, ఆయన బిడ్డ పెండ్లి నేనే తీసిన కాబట్టి ఓపిగ్గ చెప్పిండు.

ముందు మంచిగున్నయి చెప్త. ఫ్లాషు గోడాక్స్ వీ860 మూడో మోడలు, సోనీ కెమెరాకు సెట్ అయ్యేది, ట్రిగ్గర్ గూడ అదే కంపెనీది. సీజన్ మొత్తం వాడిన, ఫుల్ పవర్‌ల 480 సార్లు కొడ్తది అని రాస్తరు, నేను లెక్కవెట్టలేదు గని రాత్రి బరాత్ మొదలుపెట్టి పొద్దున అప్పగింతల దాంక ఒక్క ఛార్జింగ్ మీద నడిచింది. ఇది చైనా కంపెనీ, కెమెరా కంపెనీ ఫ్లాషుతోటి కెమెరా ఏం భాష మాట్లాడ్తదో అది సొంతంగ పసిగట్టి చేసిన సామాను. దీన్ని మనోళ్ళు "లోకల్ ఫ్లాష్" అంటరు, అట్ల అనుడు తప్పు. దాని మీద దాని పేరే ఉంది, డబ్బ మీద కంపెనీ అడ్రసు ఉంది, ఇండియాకు తెప్పించినోళ్ళ పేరుంది, వారంటీ కార్డు ఉంది. సోనీ కెమెరాలకు పనిచేస్తది అని డబ్బ మీద రాస్తే సోనీ పేరు దొంగతనం చేసినట్టు కాదా అని నాకు ముందటి నుంచి డౌటే. కాదంట. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999ల సెక్షన్ 30 ఉంది, ఫలానా సామానుకు ఇది సెట్ అయితది అని చెప్పనీకె అవసరమైనంత మటుకు ఆ పేరు వాడుకోవచ్చు. "సోనీకి సెట్ అయితది" అంటే ఓకే, "సోనీ" అంటే నేరం. ఈ ఒక్క మాట షాపోళ్ళందరికి తెలిస్తె సగం లొల్లి తీరుతది.

ప్లేట్ల గురించి ఎక్కువ చెప్పనీకె ఏం లేదు. ఆర్కా స్విస్ అనే కంపెనీ మొదలుపెట్టిన సైజు, 38 మిల్లీమీటర్ల వెడల్పు, ఇప్పుడు ప్రపంచం మొత్తం అదే చేస్తరు, ఎవలు చేసినా ఎవలి ట్రైపాడ్‌కన్న పడ్తది. రెండు కలిపి తొమ్మిదొందలు తీసుకున్నడు, అల్యూమినియం గట్టిగనే ఉంది, అలెన్ కీ మాత్రం మొదటి రోజే అరిగిపోయింది, వేరేది కొనుక్కున్న.

ఇగ బ్యాటరీ. నా కెమెరాకు పడేది ఎన్పీ ఎఫ్‌జెడ్100. ఒరిజినల్ ఆరు వేలు దాటుతది. షాపాయన డ్రా లోపలి నుంచి తీసి ఇచ్చిండు, సోనీ అని పేరు, హోలోగ్రామ్ స్టిక్కరు, 2280 ఎంఏహెచ్ (ఎంత ఛార్జింగ్ పడ్తదో చెప్పే లెక్క) అని రాసింది, అన్నీ ఉన్నయి. "అన్నా ఇది కంపెనీ మాలే, బిల్లు లేకుంట వచ్చింది గందుకే రెండు వేల రెండొందలు" అన్నడు. నేను నమ్మిననా అంటే పూర్తిగ నమ్మలే. ఆరు వేల సామాను రెండు వేలకు ఎట్ల వస్తదో మనసుల కొట్టుకుంటనే ఉంది, అయినా రెండు బ్యాటరీలు కొని జేబుల పెట్టుకొని బయటికొచ్చిన. ఈ మాట దాచిపెట్టి రివ్యూ రాస్తె రివ్యూ కాదు.

మే నెల, పరకాల దిక్కు ఒక పెండ్లి, రేకుల ఫంక్షన్ హాలు, కూలర్లు పనిచేస్తలేవు, లోపల చెమట కారిపోతున్నది. జీలకర్ర బెల్లం పెట్టే టైముకు బ్యాటరీ 46 శాతం చూపిస్తున్నది, అయ్యగారు "కానియ్యండి కానియ్యండి" అంటున్నడు, నేను ఫోకస్ పెట్టిన, నాలుగు ఫోటోలు పడ్డయ్, స్క్రీన్ నల్లగయింది. 46 నుంచి సున్నాకు. సరే అని తలుపు తీసి బ్యాటరీ గుంజితే వస్తలేదు. ఉబ్బింది. వేలు పెడితె కాలుతున్నది. నాతోటి వచ్చిన తమ్ముడు రెండో కెమెరాతోటి పక్క నుంచి తీస్తుండె కాబట్టి ఆ ముహూర్తం ఫోటో ఉన్నది, కానీ పిల్ల మొఖం ముందటి నుంచి లేదు, పక్క నుంచే ఉంది. పిల్ల తండ్రి ఆల్బమ్ చూసినప్పుడు ఏమనలేదు, ఆ పేజీ కాడ కొంచెం సేపు ఆగిండు గంతే. నాకు ఇంక అదే కండ్లల్ల ఉంటది. మల్ల వచ్చే ముహూర్తం కాదు గద అది.

కెమెరా సర్వీసుకు ఇస్తే బ్యాటరీ పెట్టే అర మార్చాలె అన్నరు, దానికైన ఖర్చుల ఒరిజినల్ బ్యాటరీలు రెండు వచ్చేవి. మిగిలిన రెండో బ్యాటరీని మా దోస్తు బంగారం షాపుల తూకం మీద పెట్టి చూసినం, 66 గ్రాములు వచ్చింది. ఒరిజినల్ 83 గ్రాముల దాంక ఉంటది. లోపల సెల్లు చిన్నవి పెట్టి పైన అదే 2280 అని అచ్చు కొట్టిన్రు. ఎక్కువ వేడైతే కరెంటు కట్ చేసే చిన్న సర్క్యూట్ ఉంటది మంచి బ్యాటరీల, అది సక్కగ లేకుంటె లిథియం బ్యాటరీ ఉబ్బుతది, ఇంక ముదిరితె అంటుకుంటది గూడ. వందల మంది, పొడి పందిరి, పక్కకే గ్యాస్ పొయ్యిలు ఉన్న కాడికి మనం ఇసొంటియి జేబుల ఏసుకొని పోతున్నం.

మీరు కొనేటప్పుడు చూడాల్సింది ఒకటి చెప్త. మన దేశంల లిథియం బ్యాటరీలకు బీఐఎస్, అంటే సామాన్ల నాణ్యత చూసే సర్కారు సంస్థ, దాని రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఐఎస్ 16046 అనే స్టాండర్డు. బ్యాటరీ మీద ఆర్ అని రాసి పక్కన ఎనిమిది అంకెలు ఉంటయి. బీఐఎస్ కేర్ అని యాప్ ఉంది, ఆ నంబరు కొడితె ఏ కంపెనీదో వస్తది. నేను కొన్నదాని మీద నంబరే లేదు. ఎంఆర్పీ లేదు, తెప్పించినోళ్ళ అడ్రసు లేదు, ఏ నెల ఏ సంవత్సరమో లేదు. ఇవన్నీ కౌంటర్ కాడనే కనిపించేటియి, నేను హోలోగ్రామ్ మెరుపు చూసి ఊకున్న. ఇప్పుడు నా బ్యాగుల రెండు ఒరిజినల్, రెండు సొంత పేరు పెట్టుకున్న వేరే కంపెనీయి ఉన్నయి, ఆ వేరేవి గూడ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నవే, ఒక్కోటి పద్దెనిమిది వందలు. ఒరిజినల్ అంత సేపు రావు గని నిజం చెప్పి అమ్మిన సామాను, ఎంత వస్తదో అంతనే రాసిన్రు.

మల్ల షాపుకు పోయి అడిగిన. గట్టిగ ఒర్లలేదు, కౌంటర్ మీద పెట్టి చూపిచ్చిన. ఆయన రెండో బ్యాటరీ పైసలు వాపస్ ఇచ్చిండు, మొదటిదానికి "వాడిన్రు గదన్నా" అన్నడు. తర్వాత ఒక మాట అన్నడు: "కంపెనీది పెడితె ఎవలు కొంటలేరన్నా, అందరు గీ రేటుకే అడుగుతరు, పేరుండాలె పైసలు తక్కువ ఉండాలె అంటరు." అబద్ధం కాదు. అట్లని ఆయన చేసింది ఒప్పు కాదు. అదే ట్రేడ్ మార్క్స్ చట్టంల సెక్షన్ 103, 104 కింద వేరేటోళ్ళ పేరు పెట్టి చేసినా అమ్మినా ఆరు నెల్ల నుంచి మూడేండ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. చానా మందికి అది ఏదో చిన్న ఫైను తోటి పోతది అనే ఉంది.

మరి కొనేటోడు? వకీలు సారు చెప్పినదాన్ని బట్టి, సొంతానికి వాడుకోనీకె కొన్నోన్ని ట్రేడ్ మార్క్ చట్టం శిక్షించదు, అమ్మనీకె పెట్టుకున్నోన్నే పట్టుకుంటది. కానీ ఈడ మనోళ్ళు ఒకటి మర్చిపోతరు. మనం పాత సామాను అమ్ముకుంటం. కెమెరా అమ్మేటప్పుడు "రెండు ఒరిజినల్ బ్యాటరీలు ఫ్రీ" అని గ్రూపుల పెడ్తం. అవి డూప్లికేట్ అని తెలిసీ పెడితె అప్పుడు నువ్వు గూడ అమ్మేటోడివే, మోసం కేసు గూడ పడ్తది, పాత 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితల 318 అయింది, పని అదే. నేను ఆ పైసలు వాపస్ తీసుకోకముందు ఆ రెండో బ్యాటరీని పాత కెమెరాతోటి కలిపి అమ్మేద్దామా అని ఒక రాత్రి ఆలోచన చేసిన, చేయలే.

ఇగ క్లిప్పు. ఇది నన్ను బ్యాటరీ కంటె ఎక్కువ సతాయిస్తున్నది, ఎందుకంటే ఇది మంచిగ పనిచేస్తున్నది. ఏడొందల రూపాలు. బ్యాగు పట్టీకి బిగిస్తే కెమెరా ఛాతి మీద కూసుంటది, మెడ నొప్పి లేదు, లక్నవరం కాడ ప్రీ వెడ్డింగ్ షూట్‌కు గుట్టలెక్కినా కదల్లేదు. దాని మీద ఎవ్వల పేరు లేదు, అంటే డూప్లికేట్ కాదు. కానీ ఆకారం, నొక్కే బటను, బిగించే స్క్రూలు ఉన్న చోటు, అంతా పీక్ డిజైన్ అనే అమెరికా కంపెనీ క్లిప్పు లెక్కనే, అంటే కాపీ. వాళ్ళు చిన్నగ మొదలైనోళ్ళు, 2011ల జనం కాడ కిక్‌స్టార్టర్‌ల పైసలు అడుక్కొని ఈ క్లిప్పుతోటే కంపెనీ పెట్టిన్రు. 2021ల అమెజాన్ వాళ్ళ సొంత బ్రాండు మీద తమ బ్యాగు లాంటి బ్యాగే, పేరు గూడ అదే పెట్టి అమ్ముతున్నదని ఒక వీడియో చేసి పెడితె మస్తు మంది చూసిన్రు.

చట్టం ఈడ కొంచెం తిరకాసు. పేటెంటు, అంటే కొత్తగ కనిపెట్టినోనికి ఇచ్చే హక్కు, ఏ దేశంల ఇస్తె ఆ దేశంలనే చెల్లుతది, అమెరికాల ఉన్నంత మాత్రాన హనుమకొండల చెల్లదు, ఇండియాల తీసుకుంటెనే ఈడ లెక్క, అది గూడ దరఖాస్తు పెట్టిన్నాటి నుంచి 20 ఏండ్లే. ఈడ పేటెంటు ఉన్న సామాను అయితె మాత్రం చేసుడు అమ్ముడే కాదు, 1970 చట్టం సెక్షన్ 48 ప్రకారం వాడుడు గూడ ఓనరు అడ్డుకోవచ్చు, ట్రేడ్ మార్కు లెక్క కొనేటోడు పక్కకు తప్పుకోనీకె లేదు. ఆకారానికి వేరే డిజైన్ల చట్టం ఉంది, 2000ది, రిజిస్టర్ చేసుకుంటె పదేండ్లు, పొడిగించుకుంటె ఇంకో ఐదేండ్లు హక్కు. కేసులకు పోతరా పోరా వేరే సంగతి, ఒక్క క్లిప్పు కోసం ఎవలు హనుమకొండ దాంక రారు. అందుకే ఇది చట్టం కంటె మన మనసు మీద పడే లెక్క.

మా తాత కొత్తవాడల జంపఖానాలు నేసేటోడు. వరంగల్ దర్రీలకు 2018ల జీఐ గుర్తింపు (ఈ సామాను ఈ ఊరిదే అని సర్కారు ఇచ్చేది) వచ్చింది గని తాత అప్పటికే లేడు. నా చిన్నప్పటి సంది ఇంట్ల ఒకటే మాట, మనం మగ్గం మీద రోజుల కొద్ది కూసొని ఎత్తిన పువ్వును మిషన్ మీద అచ్చు కొట్టి సగం రేటుకు బజార్ల ఏస్తున్నరు, చూసేటోనికి తేడా తెల్వది అని. ఆయన డిజైన్ గీసిన గళ్ళ కాయితాలు ఇంక మా అమ్మ ట్రంకు పెట్టెల ఉన్నయి. ఆ ఇంట్ల పుట్టి నేను ఎవలో ఆలోచించి చేసిన క్లిప్పును, వాళ్ళకు ఒక్క రూపాయి పోకుంట ఏడొందలకు తెచ్చుకున్న. ఆ కాయితాలు చూసిన రోజు నుంచి ఆ క్లిప్పు బిగించాలంటే చెయ్యి వస్తలేదు. అసలుది రేటు ఎక్కువే, నాకు భారమే, వచ్చే సీజన్ మొదటి అడ్వాన్సు పడంగనే తెప్పించుకుంట.

అట్లని పెద్ద కంపెనీలు చెప్పిందల్ల వేదం అని నేను అనను. ఒక బ్యాటరీకి ఆరు వేలు, ఒక ఫ్లాషుకు నలబై వేలు పెడితె జిల్లాల పనిచేసే ఫోటోగ్రాఫర్లు ఎట్ల బతకాలె? సోనీ 2011ల తన లెన్సు మౌంటు (కెమెరాకు లెన్సు బిగించే చోటు) వివరాలు వేరే కంపెనీలకు తెరిచింది, అందుకే ఇయాల మనకు తక్కువ రేటుల ఇన్ని లెన్సులు. కెనాన్ 2022ల విల్‌ట్రాక్స్ అనే చైనా లెన్సుల కంపెనీని తన కొత్త ఆర్ఎఫ్ మౌంటుకు ఆటోఫోకస్ లెన్సులు అమ్ముడు ఆపమన్నది, తమ పేటెంట్లు, డిజైన్లు వాడుకున్నరని. హక్కు ఉండొచ్చు, కానీ దెబ్బ పడ్డది తక్కువ బడ్జెట్ కెమెరాతోటి కొత్తగ పనిల దిగిన పోరగాండ్ల మీద. 2024ల కెనాన్ సిగ్మా, టామ్రాన్ అనే లెన్సుల కంపెనీలకు లైసెన్సు ఇచ్చినంకనే కొంచెం ఊపిరి తీసుకున్నరు. సొంత పేరుతోటి, సొంత కష్టంతోటి సెట్ అయ్యే సామాను చేసేటోన్ని, పేరు దొంగతనం చేసేటోన్ని ఒక్క గాటన కట్టుడు అన్యాయం, కంపెనీలు చేసినా సరే, మనం చేసినా సరే.

ఇగ షాపుకు మార్కులు. మాట మంచిగ మాట్లాడ్తడు, ఫ్లాషులు, ట్రిగ్గర్లు, ప్లేట్లు, లైటు స్టాండ్లు రేటు న్యాయంగనే ఉన్నయి, పెట్టి చూపిస్తడు, వైరు కావాలంటె ఇంటికి పంపిస్తడు. వీటికి ఐదుకు నాలుగు. బిల్లు అడిగితె "18 శాతం జీఎస్టీ పైన పడ్తదన్నా" అంటడు, పడనియ్యుండ్రి, బిల్లు లేకుంటె వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా వినియోగదారుల కమిషన్‌కు పోయినా చేతుల ఏముంటది. డ్రా లోపలి నుంచి తీసే ఏ సామానైనా, అది బ్యాటరీ కానీ మెమరీ కార్డు కానీ, సున్నా. ట్రిగ్గర్ పాడైతె ఇప్పటికి గూడ ఆయన కాడికే పోత, బ్యాటరీకి మాత్రం పోను.