వన్ పంచ్ మ్యాన్: మొదటి సీజన్ అయ్యాక రెండోది చూడాలా, మాంగా అందుకోవాలా?

జపాన్ యానిమేషన్ సిరీస్ వన్ పంచ్ మ్యాన్ మొదటి సీజన్ పన్నెండు ఎపిసోడ్లూ అయిపోయాయి. చివర్లో అంతరిక్షం నుంచి వచ్చిన బోరోస్‌తో పోరు కళ్లలోనే ఉంది. ఇప్పుడేం చేయాలి? రెండో సీజన్ పెట్టుకోవాలా, కథ ఆగిన చోటి నుంచి మాంగా, అంటే ఆ కథ బొమ్మల పుస్తకం, చదవాలా? నా ఓటు మాంగాకే. అలాగని రెండో సీజన్‌ను పూర్తిగా తీసిపారేయను. అందులో ఒక ఎపిసోడ్ వదులుకోకూడనిది.

కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటాం కదా, ఈ కథలో హాస్యమంతా అదే. ఊళ్లు నేలమట్టం చేసే రాక్షసుడు వస్తాడు. హీరోలు ఒక్కొక్కరే కూలిపోతారు. సంగీతం ఆకాశాన్నంటుతుంది. అప్పుడు కథానాయకుడు సైతామా వచ్చి ఒక్క గుద్దు గుద్దుతాడు, కథ ముగుస్తుంది. కార్నేజ్ కబుటో అనే రాక్షసుడితో పోరు మధ్యలో అతనికి గుర్తొచ్చేది ఆ రోజు శనివారమని, సూపర్‌మార్కెట్‌లో సేల్ పోతోందని! మనం నవ్వేది ఆ గుద్దును చూసి కాదు, దానికి ముందు అంత శ్రద్ధగా తవ్విన కొండను చూసి. కొండ చిన్నదైతే ఎలుక నవ్వించదు.

2015లో మ్యాడ్‌హౌస్ స్టూడియోలో మొదటి సీజన్ తీసిన దర్శకుడు షింగో నత్సుమేకు ఈ కిటుకు బాగా తెలుసు. ఐదో ఎపిసోడ్‌లో యంత్రపు ఒళ్లున్న శిష్యుడు జెనోస్, సైతామా సాధన కోసం తలపడతారు. సైతామా పిడికిలి జెనోస్ ముఖానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతుంది. ఆ గాలి తాకిడికే వెనకున్న కొండ చీలిపోతుంది. అంతలోనే సైతామా ఆకలేస్తోంది, ఉడాన్ నూడుల్స్ తిందాం పద అంటాడు. ఆ గాలి బరువు మనకు తెలిసింది కాబట్టే ఉడాన్ మాటకు నవ్వొచ్చింది. బొమ్మ తేలిపోయి ఉంటే అది మామూలు మాటగా మిగిలేది.

2019 ఏప్రిల్‌లో రెండో సీజన్ వచ్చేసరికి స్టూడియో జె.సి.స్టాఫ్, దర్శకుడు చికారా సకురాయ్. రచన సమన్వయం చేసిన తోమోహిరో సుజుకి, పాత్రల రూపం గీసిన చికాషి కుబోతా, సంగీతం ఇచ్చిన మకోతో మియజాకి మాత్రం మారలేదు. అయినా రుచి మారిపోయింది. మొదటి సీజన్‌కు నత్సుమే పరిచయాల మీద ఎందరో ఫ్రీలాన్స్ యానిమేటర్లు వచ్చి చేరారు, ఆ చేతులు ఈసారి లేవు. దెబ్బలకు బరువు తగ్గింది. చాలా పోరాటాల్లో కదలిక కంటే మెరుపు గీతలే ఎక్కువ. జెనోస్ లోహపు చేతులకు అద్దిన ఆ మెరుపు నాకు చివరిదాకా అతికించినట్టే కనిపించింది.

స్టూడియోకు హాస్యం చేతకాదని కొట్టిపారేస్తే అన్యాయం. 2016లో సైకి కుసువో అనే హాస్య మాంగా కథను నవ్వు చెడకుండా తెర మీదికి తెచ్చింది కూడా జె.సి.స్టాఫే. కానీ అది మాటల మీద, వేగం మీద నడిచే హాస్యం. దానికి కొండ అక్కర్లేదు.

అందుకే రెండో సీజన్‌లోనూ మాటల మీద నడిచిన చోట్లు బాగున్నాయి. మొదటి ఎపిసోడ్‌లోని కింగ్ సంగతే చూడండి. భూమ్మీద అత్యంత బలవంతుడని పేరు. అతని ఒంట్లోంచి వచ్చే మోత వినగానే రాక్షసులు వణుకుతారు. తీరా చూస్తే అది భయంతో కొట్టుకుంటున్న గుండె చప్పుడు! ఇక్కడ కొండ అతని పేరులోనే ఉంది, గీయక్కర్లేదు. నేను వదులుకోవద్దన్నది దీన్నే. హీరోలను వేటాడే గారోకు హికారు మిదోరికవా ఇచ్చిన గొంతు కూడా గొప్పగా ఉంది. అది మాంగాలో దొరకదు.

అసలు దెబ్బ తగిలింది మల్లయుద్ధాల పోటీ దగ్గర. సుయిర్యూ హీరోలంటే చులకనగా చూసే మొనగాడు. రాక్షసులు వచ్చిపడి చితకబాదాక, కాపాడమని ఏడుస్తాడు. యూసుకే మురాతా గీసిన మాంగా పేజీల్లో ఆ ముఖం చూసి నేను చాలాసేపు ముందుకు వెళ్లలేకపోయాను. తెర మీద అదే ఘట్టం గబగబా దాటిపోయింది. చివర్లో ఎల్డర్ సెంటిపీడ్ అనే జెర్రి కూడా అంతే. మాంగాలో అది రెండు పేజీలకూ పట్టనంత పెద్దది. ఎపిసోడ్‌లో దాని పరిమాణం ఒంటికి తెలియకముందే సైతామా గుద్దు పడిపోయింది. కొండ లేకుండానే ఎలుక వచ్చేసింది.

మరి ఈ మాంగాకు మూలమైన, వన్ అనే రచయిత 2009లో తన సైట్‌లో సొంతంగా గీసిన అసలు వెబ్‌కామిక్ మాటేమిటి? ఆ బొమ్మలు చిన్నపిల్లల గీతల్లా ఉంటాయి, అయినా కడుపుబ్బ నవ్విస్తుంది. నిజమే. గీత మోటుగా ఉన్నప్పుడు కొండను మన ఊహే కట్టుకుంటుంది. సగం కదిలే బొమ్మ ఊహకు ఆ చోటు ఇవ్వదు, తనూ కట్టదు.

ఇంకో తేడా. రెండో సీజన్ గారో కథను నడిమధ్యలో వదిలేసింది. మూడో సీజన్ రావడానికి 2025 అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. మాంగాలో ఆ ఘట్టం 2022లోనే ముగిసింది.

మాంగా కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదటి రెండు అధ్యాయాలు కాస్త తికమకపెడతాయి, తర్వాత కన్ను అలవాటు పడుతుంది. గొంతులు లేవన్న దిగులూ అక్కర్లేదు. మకోతో ఫురుకవా పలికిన సైతామా చప్పిడి గొంతు మొదటి సీజన్ చూసినవాళ్ల చెవుల్లో ఎలాగూ ఉంటుంది, అదే చదివిపెడుతుంది. కింగ్ ఎపిసోడ్ చూసేసి, బోరోస్ పోరు అయిన చోట మాంగా తెరవండి. చదివే తీరిక లేక సీజనే చూస్తానంటే, మొదటిది అయిన మర్నాడే మొదలుపెట్టకండి. ఒక నెల ఆగండి.