హాస్టల్ గేటుకు బ్రెత్ ఎనలైజర్: ఏ రకం కొనాలి?

క్యాంపస్‌లో మందు నిషేధమని బోర్డు పెట్టడం తేలికే. తెలుగు రాష్ట్రాల్లో మద్యం కొనే వయసు 21 కాబట్టి డిగ్రీ పిల్లల్లో చాలామందికి అది ఎలాగూ కుదరదు. చిక్కంతా అమలులోనే.

చవకగా దొరికే సెమీకండక్టర్ సెన్సర్ రకం వద్దే వద్దు. సిగరెట్ పొగకూ, ఉపవాసం ఉన్నవాళ్ల ఊపిరిలో ఉండే ఎసిటోన్ అనే రసాయనానికీ స్పందిస్తుంది. దాన్ని నమ్మి తల్లిదండ్రులకు ఫోన్ చేయడం అన్యాయం. ఫ్యూయెల్ సెల్ సెన్సర్ రకం ఖరీదెక్కువ, కానీ ఎసిటోన్‌ను పట్టించుకోదు.

అదీ ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌కు మోసపోతుంది. అంకె కనబడగానే కేసు రాయకుండా 15 నిమిషాలు ఏమీ తిననీయక, తాగనీయక కూర్చోబెట్టి, కొత్త మౌత్‌పీస్‌తో మళ్లీ ఊదించాలి. బీప్ ఆగేదాకా ఒకే ఊపులో ఊదాలి; పైపైన ఊదితే రీడింగ్ తగ్గుతుంది. మౌత్‌పీస్ లేకుండా ఊదించే మోడ్ ఆల్కహాల్ ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది, గార్డు చేతి శానిటైజర్‌కూ మోగుతుంది!

తెరపై 0.030 అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అది బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు, హాస్టల్‌కు కాదు. లేపినా లేవని కుర్రాడికైతే ఊదించే పని పెట్టుకోవద్దు: పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

కాలిబ్రేషన్ (రీడింగ్ సరిగ్గా వస్తోందో చూసి సరిచేయడం) కంపెనీ చెప్పిన గడువులో, సాధారణంగా ఆరు నెలలకో ఏడాదికో, తప్పకుండా చేయించాలి. లేకపోతే సెన్సర్ బలం తగ్గి, తాగినవాడికీ తక్కువే చూపిస్తుంది. కొనేముందు మౌత్‌పీస్‌ల ధర, సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో అడగండి.