బొమ్మ తూముల హాస్టల్: పై అంతస్తులో ఏళ్లుగా ఉంటున్నవాడి సమీక్ష

మా హాస్టల్‌ని పాత యూరప్ చర్చిల గోథిక్ శైలిని అనుసరించి కట్టారు. రాతి కమానులు, ఏటవాలు కప్పు, నడుమ పచ్చిక ముంగిలి, ఇవన్నీ ఫొటోల్లో అందరూ చూసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ హాస్టల్ మీద నాకున్న కోపమంతా ఒక్కదాని మీదే. కప్పు అంచున పిట్టగోడకి వరసగా సింహం తలల తూములు పెట్టారు, చూసే ఉంటారు. నోళ్లు తెరుచుకుని బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, వాన పడితే వాటి నోట్లోంచి నీళ్లు దూకుతాయనే ఎవరైనా అనుకుంటారు. ఎంత వాన పడినా ఒక్క చుక్క రాదు. వాటికి రంధ్రమే లేదు. అచ్చు పోసిన బొమ్మలు తెచ్చి గోడకి బిగించారు, అంతే.

పాత కట్టడాల్లో ఆ తూము అందం కోసం పుట్టలేదు. 13వ శతాబ్దం నాటి గోథిక్ చర్చిల్లో కప్పు మీది నీళ్లు గోడ వెంట జారి రాళ్ల మధ్య సున్నాన్ని తినేయకుండా, వాటిని గోడకి దూరంగా విసిరేయడానికి ఆ రాతి తలల్ని అంత పొడవుగా బయటికి చాచి పెట్టేవాళ్లు. మా దగ్గర తలలు మాత్రం తెచ్చుకుని, నీళ్ల పని గోడలో దాచిన పైపుకి అప్పగించారు. మామూలు ఏటవాలు కప్పయితే గట్టర్, అంటే కప్పు మీది నీళ్లు పట్టే కాలువ, చూరుకి వేలాడుతుంది, పూడుకుపోయినా నీళ్లు బయటికే పొర్లుతాయి. పిట్టగోడ వెనక దాచిన గట్టర్ అలా కాదు. అది సరిగ్గా పై అంతస్తు గోడ నెత్తిన ఉంటుంది, పూడితే నీళ్లకి మిగిలిన దారి లోపలికే.

ఒకసారి సరిగ్గా అదే జరిగింది. అది పరీక్షల సమయం. నా టేబుల్ పక్క గోడలోనే ఆ పైపు వెళుతుంది కాబట్టి వాన పడ్డప్పుడల్లా లోపల నీళ్లు పారే చప్పుడు వినిపిస్తుంది, అలవాటైపోయింది. ఆ రాత్రి వాన అంతకంతకూ పెరుగుతోంది, పైపు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. మొదట పట్టించుకోలేదు గానీ కాసేపటికి కిటికీ కమాను మీద పెయింట్ ఉబ్బడం కనిపించింది, వేలితో తాకితే మెత్తగా లోపలికి దిగింది, ఆ వెంటనే చీలి నీళ్లు ధారగా నా నోట్సు మీద పడ్డాయి. మా మెట్లదారిలో వాళ్లంతా లేచి వచ్చారు, పుస్తకాలు, మంచం, లాప్‌టాప్ తలా ఒకటి పట్టుకుని కింది గదుల్లోకి చేర్చారు. మెయింటెనెన్స్ ఆయన టార్చ్ తీసుకుని కప్పు కింద అటక గుండా పైకెక్కితే నేనూ వెనకాలే వెళ్లాను. గట్టర్ చెరువులా ఉంది. ఆయన మోచేతి దాకా నీళ్లలో ముంచి వెతికి, ఆకులూ ఒక పక్షి గూడు తాలూకు పుల్లలూ కలిసిన పెద్ద ముద్దని బయటికి లాగారు. లాగగానే గోడలో పైపు హోరుమని మోగింది. ఆ చప్పుడు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

గోడకి మళ్లీ ప్లాస్టర్ చేశారు, రంగు వేశారు. కొన్నాళ్లకి అక్కడే మళ్లీ మరక తేలింది. బయటికి మందపాటి రాతి గోడలా కనిపిస్తుంది గానీ అది పైన తాపడం చేసిన రాయి, వెనక ఖాళీ, ఆ వెనక అసలు గోడ. అక్కడ చేరిన చెమ్మ ఒక పట్టాన ఆరదు. తర్వాతి వానాకాలంలో ఇంకో గదిలో కూడా కారాక, మా వైపు రెండు సింహాలకి రంధ్రం వేయాలని మెయింటెనెన్స్ వాళ్లు అడిగారు. ముఖభాగం చెడిపోతుందని డిజైన్ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నారు. ఇప్పుడు గట్టర్ పూడితే ఆ రెండు నోళ్లలోంచే నీళ్లు దూకుతాయి, కింద నడిచేవాళ్లు ఎవరో ఒకరు చూసి ఫోన్ చేస్తారు, గది లోపల ఒక్క చుక్క పడదు. అంత చిన్న రంధ్రం మొదటే వేసుంటే ఎంత బాగుండేది!

దీన్ని బట్టి పాత శైలే తప్పంటున్నానని అనుకోవద్దు. ఈ కాలంలో గోథిక్ ఏమిటని వెక్కిరించే వాళ్లతో నేను ఏకీభవించను. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో విట్‌మన్ కాలేజీ (అక్కడ విద్యార్థులు ఉండే భవనాల్ని కాలేజీ అంటారు) 2007లో ఆ శైలిలోనే వచ్చింది. 2017లో అక్కడి యేల్ యూనివర్సిటీలో తెరిచిన రెండు కాలేజీలని ఆర్కిటెక్ట్ రాబర్ట్ స్టెర్న్ సంస్థ, పాతతరం ఆర్కిటెక్ట్ జేమ్స్ గాంబుల్ రోజర్స్ 1920, 30లలో అక్కడ కట్టిన వాటి బాటలోనే రూపొందించింది. పాతదాన్ని ఎందుకు అలా కట్టారో తెలుసుకుని కడితే చాలా లాభం ఉంది, మా మెట్లదారులే దానికి సాక్ష్యం. పొడవాటి కారిడార్ లేకుండా, ముంగిలిలోంచి ఒక్కో తలుపు ఒక్కో మెట్లదారికి తెరుచుకుని, ఒక్కో మలుపు దగ్గర రెండు మూడు గదులే ఉండే ఈ పద్ధతి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో శతాబ్దాలుగా ఉంది. పక్కవాళ్ల పేర్లు తెలుస్తాయి, అర్ధరాత్రి తలుపు కొడితే మనిషి పలుకుతాడు. చేరిన కొత్తలో దీని గురించి అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి, ఇప్పుడూ చెబుతాను, కాకపోతే ఒక మాట కలిపి. లిఫ్ట్ ఒక్క మెట్లదారిలోనే ఉంది, పై అంతస్తుల్లో ఒక మెట్లదారి నుంచి ఇంకో మెట్లదారికి దారి లేదు. కాలు విరిగిన మా స్నేహితుడు ఆ సెమిస్టర్ అంతా తన గదికి రాలేకపోయాడు.

నాది పై అంతస్తు, మూల గది, సెలవుల్లో కూడా ఇక్కడే ఉంటాను. కింద ఒక్క ఏడాది ఉండి వెళ్లిపోయేవాళ్లకి ఇవేవీ ఎదురుకాకపోవచ్చు, వాళ్లకి ఇది చాలా మంచి హాస్టలే. మళ్లీ ఎంచుకోమంటే నేనూ ఇదే ఎంచుకుంటాను, కానీ మధ్య అంతస్తు ఇస్తేనే. మీ దగ్గర ఇలాంటిది కట్టబోతూ విద్యార్థుల అభిప్రాయం అడిగితే, ముఖభాగం బొమ్మ చూసి ఊరుకోకండి, కప్పు అంచు దగ్గర అడ్డుకోత డ్రాయింగ్ (గోడని కోసి లోపల ఏముందో చూపించే బొమ్మ) చూపించమనండి, గట్టర్ నిండితే నీళ్లు ఎటు పోతాయో వేలు పెట్టి చూపించమనండి. మిగతా మూడు వైపుల సింహాలకీ రంధ్రాలు వేయమని మేం అర్జీ పెట్టాం, ఇంకా జవాబు రాలేదు.