జాగ్రత్త: కవరు అసలైనదే, సంతకమే అనుమానం

సంతకమున్న పాత బేస్‌బాల్ కార్డుతో పాటు, అది ఆటగాడి ఇంటి నుంచి పోస్టులో వచ్చిన కవరు కూడా ఇస్తామంటే వెంటనే డబ్బు కట్టకండి. అలా కొన్న ఒక కార్డును పరీక్షకు పంపితే సంతకం ఆటగాడి సెక్రటరీ చేసిందని తేలింది. అమ్మినవాడు డబ్బు వెనక్కివ్వలేదు.

పోస్టులో సంతకం అడిగేవాళ్ళు కార్డు, ఉత్తరంతో పాటు తమ అడ్రసు రాసి స్టాంపు అంటించిన ఖాళీ కవరు కూడా పంపుతారు. అంటే తిరిగొచ్చిన కవరు మీది చేతిరాత అభిమానిదే. పోస్టల్ ముద్ర చెప్పేది ఊరు, తేదీ అంతే. లోపల సంతకం పెట్టింది ఆటగాడో, భార్యో, సంతకాన్ని అచ్చుగుద్దినట్టు గీసే ఆటోపెన్ యంత్రమో, రబ్బరు స్టాంపో దానికేం తెలుసు? పైగా ఆ కవరులో వచ్చింది ఈ కార్డేనని చెప్పేదేమీ లేదు. ఖాళీ కవరు దొరికితే ఏ కార్డునైనా దానికి జతచేయొచ్చు.

తేదీలు చూడండి. షార్పీ మార్కర్ వచ్చింది 1964లో. పాతతరం ఆటగాళ్ళు మెల్ ఆట్ 1958లో, టై కాబ్ 1961లో చనిపోయారు. వాళ్ళ సంతకం షార్పీతో ఉందంటే ఇక బేరమే అక్కర్లేదు. మరో ఆటగాడు రాయ్ కాంపనెల్లాకు 1958 జనవరిలో కారు ప్రమాదం జరిగి చేతులు సరిగా పనిచేయలేదు. ఆయన చక్రాల కుర్చీలో కనిపించే టాప్స్ అనే కార్డుల కంపెనీ 1959లో వేసిన 550వ నంబరు కార్డు మీద పాతరోజుల గుండ్రటి సంతకం ఉంటే అది ఎలా సాధ్యమో అమ్మేవాణ్ణే అడగండి.

బాల్‌పెన్ సంతకమైతే టార్చి వెలుగు పక్కనుంచి వేసి చూడాలి, గాడి కనిపిస్తుంది. రబ్బరు స్టాంపుకు గాడి ఉండదు. అదే ఆటగాడివి రెండు సంతకాలు ఒకే సైజుకు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెడితే గీత గీతా కలిసిందా, ఆటోపెనే. మనిషి చెయ్యి రెండుసార్లు అచ్చు ఒకేలా రాయదు.

కార్డు కూడా కొలవండి. 1952 టాప్స్ అసలు కార్డు 2⅝ × 3¾ అంగుళాలు. 1983లో టాప్స్ వేసిన రీప్రింట్ 2½ × 3½. రీప్రింట్ మీద నిజమైన సంతకమే ఉండొచ్చు, కానీ దానికి అసలు కార్డు ధర పెట్టకూడదు.

అమ్మేవాడు సొంతంగా అచ్చేసిన సర్టిఫికెట్ చిత్తు కాగితం. సంతకాలు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ కంపెనీల నంబరు ఉంటే వాళ్ళ సైట్లో చూసి, వివరాలూ ఫొటో ఉంటే ఫొటో కూడా పోల్చండి. నంబరు కాపీ కొట్టడం తేలిక.

పేపాల్‌లో 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ'గా పంపమంటే వద్దనండి, దానికి కొనుగోలుదారు రక్షణ ఉండదు. హైదరాబాద్ నుంచి కొని అమెరికాలోని అన్నయ్య అడ్రసుకు తెప్పించుకునేవాళ్ళకు ఇంకో చిక్కుంది. అన్నయ్య ఇక్కడికి వచ్చేదాకా పార్సిల్ విప్పకుండా ఉంచితే ఫిర్యాదు గడువు దాటిపోతుంది. వచ్చినరోజే విప్పి, రెండువైపులా స్కాన్ చేసి, కవరు ముద్రతో సహా పంపమనండి. మోసం అమెరికా పోస్టు ద్వారా జరిగితే యూఎస్ పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, అప్పుడు ఆ స్కాన్లే పనికొస్తాయి.